కెప్టెన్ ఎవరు? ఫ్యాంటసీ ఫుట్‌బాల్‌కి రొయ్యల గుంట లెక్క

శుక్రవారం రాత్రి మన హాస్టల్ కారిడార్‌లో నడిస్తే ప్రతి రెండో గదిలోంచీ ఒకటే ప్రశ్న వినపడుతుంది: "కెప్టెన్ ఎవర్ని పెట్టావురా?" జవాబులు మాత్రం మూడు రకాలు. "పోయిన వారం హ్యాట్రిక్ కొట్టాడుగా, వాడే" అనేది ఒకటి. "యూట్యూబ్‌లో ఆయన చెప్పాడు" అనేది రెండోది. "ఏమో, మనసు చెప్తోంది" అనేది మూడోది. నాలుగో రకం జవాబు కూడా ఒకటుంది. దానికి కాస్త లెక్క, కాస్త ఆట పరిశీలన కావాలి. ఆ రెండూ ఎలా చెయ్యాలో ఈ వ్యాసంలో చెప్తాను. ఫుట్‌బాల్ అస్సలు చూడనివాళ్లు కూడా చదవొచ్చు. ఎందుకంటే ఇందులో సగం రొయ్యల గురించే ఉంటుంది.

మాది తోటపల్లి గూడూరు. మా వాళ్ల నోట టీపీ గూడూరు. నెల్లూరు నుంచి సముద్రం వైపు వస్తుంటే వరిమళ్లు పలచబడి రొయ్యల గుంటలు మొదలవుతాయి చూడండి, అక్కడ. మా ఊళ్లో క్రికెట్ అంటే ప్రాణం పెడతారు గానీ, ఫుట్‌బాల్ అంటే అర్ధరాత్రి మేలుకునే వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఫ్యాంటసీ ఫుట్‌బాల్‌కి కావలసిన అసలు తెలివి మా ఊళ్లో ఎప్పటినుంచో ఉంది. కంటికి కనపడని దాన్ని కొలిచి, దాని మీద నిర్ణయం తీసుకోవడం. అదెలాగో ముందుకు పోతుంటే మీకే అర్థమవుతుంది.

ముందు నియమాలు, క్లుప్తంగా

నేను చెప్పేది ఫ్యాంటసీ ప్రీమియర్ లీగ్ గురించి, అంటే ఎఫ్‌పీఎల్. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ వాళ్లే నడిపే ఉచిత ఆట. ప్రపంచం మొత్తమ్మీద కోటి మందికి పైగా ఆడతారు. మనకి ఉత్తుత్తి 100 మిలియన్ల బడ్జెట్ ఇస్తారు. దాంతో 15 మందిని కొనాలి: ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఒక్క క్లబ్ నుంచి ముగ్గురికి మించకూడదు. వారానికి 11 మందిని దించాలి. ఒకణ్ని కెప్టెన్ చేస్తే వాడి పాయింట్లు రెట్టింపు అవుతాయి. వారానికి ఒక మార్పు ఉచితం. అంతకు మించితే ఒక్కో మార్పుకి 4 పాయింట్లు కోత.

పాయింట్ల పట్టిక గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దాని మీదే. 60 నిమిషాలు ఆడితే 2. గోల్ కొడితే ఫార్వర్డ్‌కి 4, మిడ్‌ఫీల్డర్‌కి 5, డిఫెండర్‌కి 6. అసిస్ట్‌కి ఎవరికైనా 3. జట్టు ఒక్క గోల్ కూడా ఇవ్వకపోతే, అంటే క్లీన్ షీట్ అయితే, డిఫెండర్‌కీ కీపర్‌కీ 4, మిడ్‌ఫీల్డర్‌కి 1, ఫార్వర్డ్‌కి సున్నా. 2025-26 సీజన్ నుంచి ఇంకోటి కలిపారు. ఒక డిఫెండర్ మ్యాచ్‌లో ట్యాకిల్స్, బ్లాక్స్, ఇంటర్‌సెప్షన్స్, క్లియరెన్స్ అన్నీ కలిపి 10 చేస్తే 2 పాయింట్లు అదనం. ఇంతకాలం కష్టపడి పేరు రాని డిఫెండర్లకి ఇదొక చిన్న న్యాయం.

ఒకే గోల్‌కి ఒకడికి 4, ఇంకొకడికి 6 ఎందుకని అడగొచ్చు. డిఫెండర్ గోల్ కొట్టడం అరుదు కాబట్టి ఎక్కువ ఇచ్చారు. మన వేట ఇక్కడే మొదలవుతుంది: అరుదైన పనిని తరచుగా చేసేవాడు ఎవడు?

వల విసిరి చూడటం: ఎక్స్‌జీ అంటే ఇదే

మా మామయ్యకి రొయ్యల గుంటలున్నాయి. వనామీ రకం. గుంటలో నీళ్ల కింద ఏముందో పైనుంచి కనపడదు. పిల్ల ఎంత వదిలారో తెలుసు, మేత ఎంత వేశారో తెలుసు, ఎంత బతికిందో మాత్రం తెలీదు. అందుకని కొన్నాళ్లకోసారి విసురు వల వేస్తారు. ఒక్క మూల కాదు, నాలుగైదు చోట్ల. వలలో పడినవాటిని తూకమేసి, లెక్కపెట్టి, కౌంట్ తీస్తారు. కిలోకి 50 రొయ్యలు తూగితే 50 కౌంట్, అంటే ఒక్కోటి 20 గ్రాములు. రోజూ చెక్ ట్రే ఎత్తి మేత ఎంత మిగిలిందో చూస్తారు. వీటన్నిట్నీ కలిపి గుంటలో ఎన్ని టన్నులుంటాయో అంచనా కడతారు. ఒక్క వలలో బాగా పడ్డాయని సంబరపడి ఎవరూ లారీ పిలవరు.

ఫుట్‌బాల్‌లో గోల్ కూడా ఇంతే. చాలా అరుదుగా జరిగే సంఘటన. 2023-24 సీజన్లో ప్రీమియర్ లీగ్ 380 మ్యాచ్‌ల్లో 1246 గోల్స్ పడ్డాయి. 20 జట్ల లీగ్ మొదలయ్యాక అదే రికార్డు. అయినా సగటు మ్యాచ్‌కి 3.28 మాత్రమే. మైదానంలో 22 మంది, 90 నిమిషాలు, మూడు గోల్స్. ఇంత తక్కువ సంఘటనలున్న చోట అదృష్టం పాలు ఎక్కువగా ఉంటుంది. క్రికెట్‌లో ఒక బ్యాట్స్‌మన్ 40 బంతులు ఆడితే వాడి ఫామ్ కొంచెం తెలుస్తుంది. ఫుట్‌బాల్‌లో ఒక ఫార్వర్డ్ మ్యాచ్ మొత్తంలో మూడు షాట్లు కొడితే ఎక్కువ.

అందుకే గోల్స్‌ని కాకుండా అవకాశాలను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. దానిపేరే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్, ముద్దుగా ఎక్స్‌జీ. ఒక షాట్ ఎక్కడి నుంచి కొట్టారు, ఏ కోణంలో, కాలితోనా తలతోనా, ముందు ఎంతమంది అడ్డున్నారు అని చూసి, అలాంటి షాట్లు గతంలో నూటికి ఎన్ని గోల్ అయ్యాయో లెక్కేసి ఆ షాట్‌కి 0 నుంచి 1 మధ్య ఒక విలువ ఇస్తారు. పెనాల్టీ విలువ దాదాపు 0.8. బాక్స్ బయట దూరం నుంచి బాదే షాట్లలో చాలావాటి విలువ 0.05 కూడా ఉండదు. ఒకడు మ్యాచ్‌లో కొట్టిన షాట్ల విలువలు కలిపితే వాడి ఎక్స్‌జీ వస్తుంది.

ఇప్పుడు ఇద్దరు ఆటగాళ్లను ఊహించుకోండి. ఒకడు ఆరు మ్యాచ్‌ల్లో 5 గోల్స్ కొట్టాడు, కానీ ఎక్స్‌జీ మొత్తం 1.8. ఇంకొకడు 2 గోల్సే కొట్టాడు, ఎక్స్‌జీ 4.5. హాస్టల్లో అందరూ మొదటివాడి వెంట పడతారు. మా మామయ్యైతే రెండోవాణ్ని కొంటాడు. మొదటివాడిది ఒక మూల వేసిన వలలో గుంపు పడినట్టు. రెండోవాడి గుంటలో సరుకుంది, వల ఇంకా సరిగ్గా పడలేదు, అంతే.

మినహాయింపులూ ఉన్నాయి. టాటెన్‌హామ్‌లో ఆడిన రోజుల్లో సన్ హ్యూంగ్-మిన్ లాంటి గొప్ప ఫినిషర్ చాలా సీజన్లలో ఎక్స్‌జీకి మించి కొట్టాడు. అలాంటివాళ్లు కొద్దిమందే. ఎవడైనా "మనవాడు స్పెషల్" అంటే మూడు సీజన్ల లెక్క అడగండి, మూడు వారాలది కాదు.

ఎం3లో చదివింది ఇక్కడ పనికొస్తుంది

ప్రాబబిలిటీలో పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్ చదివి, పరీక్ష రాసి, మర్చిపోయాం కదా. దాన్ని దుమ్ము దులిపి తెచ్చుకోండి. ఒక జట్టు ఒక మ్యాచ్‌లో సగటున లాంబ్డా గోల్స్ ఇస్తుందనుకుంటే, అసలు గోల్ ఇవ్వకుండా ఉండే సంభావ్యత 'ఈ' ని మైనస్ లాంబ్డా ఘాతానికి లేపితే వస్తుంది. ఇది పూర్తి నిజం కాదు గానీ, మన పనికి చాలినంత దగ్గర.

లాంబ్డా 1.5 అయితే క్లీన్ షీట్ అవకాశం 22 శాతం. 1.0 అయితే 37 శాతం. 0.7 అయితే 50 శాతం. అంటే లీగ్‌లో గొప్ప డిఫెన్స్, సొంత మైదానంలో బలహీనమైన జట్టుతో ఆడినా కూడా రూపాయి బొమ్మ బొరుసు కన్నా పెద్ద మెరుగేం కాదు. "వీడికి క్లీన్ షీట్ గ్యారంటీ" అన్నవాణ్ని ఇక మీరు నమ్మరు. క్లీన్ షీట్ ఒక్కదాని కోసమే ఖరీదైన డిఫెండర్‌ని కొనకూడదని కూడా దీన్నుంచే తెలుస్తుంది. వాడు పైకెళ్లి ఇంకేదైనా చెయ్యాలి.

పేపర్ మీద డిఫెండర్, మైదానంలో ఫార్వర్డ్

ఇక్కడ అంకెలు ఆగి, ట్యాక్టిక్స్ మొదలవుతాయి. దీనికి నేను ఇచ్చే మొదటి ఉదాహరణ ఇంగ్లండ్‌ది కాదు, హైదరాబాద్‌ది.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా వల్ల మనలో చాలామందికి తెలిసింది. హైదరాబాద్ మాస్టారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1951లో ఏషియన్ గేమ్స్ స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్. జట్టులో జర్నైల్ సింగ్ డిఫెండర్, ఆసియాలోనే పేరున్నవాడు. గ్రూప్ దశలో థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో ఆయన తలకి గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ సాబ్ ఆయన్ని పక్కన కూర్చోబెట్టలేదు. ముందుకి తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1తో స్వర్ణం మనది.

ఆ రోజుల్లో ఎఫ్‌పీఎల్ ఉండుంటే జర్నైల్ డిఫెండర్ల జాబితాలోనే ఉండేవాడు. సీజన్ మధ్యలో ఆటగాడి జాబితా మార్చరు. అంటే సెంటర్ ఫార్వర్డ్ కొట్టే గోల్స్‌కి డిఫెండర్ రేటు, ఒక్కోదానికి 6. ఫ్యాంటసీ భాషలో దీన్ని అవుట్ ఆఫ్ పొజిషన్ అంటారు. కోచ్ ఒకణ్ని ఎక్కడ ఆడిస్తున్నాడో, ఆట నడిపేవాళ్లు వాణ్ని ఏ జాబితాలో పెట్టారో, ఆ రెండిటి మధ్య ఉన్న తేడాయే మన లాభం.

ఈ కాలంలో చూడండి. 2016-17లో ఆంటోనియో కోంటే చెల్సీని 3-4-3లోకి మార్చాడు. వెనక ముగ్గురు డిఫెండర్లుండటంతో మార్కోస్ అలోన్సో ఎడమవైపు వింగ్‌బ్యాక్‌గా మైదానం ఆ చివరిదాకా వెళ్లేవాడు. జాబితాలో డిఫెండరే, కానీ లీగ్‌లో 6 గోల్స్ కొట్టాడు. లివర్‌పూల్‌లో ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ రైట్ బ్యాక్. 2018-19లో 12 అసిస్ట్‌లు, తర్వాతి సీజన్లో 13. క్లాప్ ఆటలో మిడ్‌ఫీల్డర్ల పని వెనక జాగా కాపాడటం, గోల్‌కి బంతి అందించే పని ఫుల్‌బ్యాక్‌లది. ఆ సంగతి అర్థమైనవాళ్లు ట్రెంట్‌ని ముందే కొనుక్కున్నారు.

అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ మొహమ్మద్ సలా. 2024-25లో 29 గోల్స్, 18 అసిస్ట్‌లు, ఎఫ్‌పీఎల్‌లో 344 పాయింట్లు. ఆల్‌టైమ్ రికార్డు. హాలండ్ 2022-23లో 36 గోల్స్ కొట్టి లీగ్ రికార్డు సృష్టించాడు గానీ ఫ్యాంటసీ పాయింట్లు 272 దగ్గర ఆగాయి. 7 గోల్స్ తక్కువ కొట్టిన సలాకి 72 పాయింట్లు ఎక్కువ ఎలా వచ్చాయి? అసిస్ట్‌లు ఒక కారణం. సలా మిడ్‌ఫీల్డర్ల జాబితాలో ఉండటం రెండో కారణం. గోల్‌కి 5, పైగా క్లీన్ షీట్‌కి 1.

జట్టు ఆట తీరు చూసే పద్ధతి

ఒక్క ఆటగాడిని చూస్తే చాలదు. వాడికి బంతి ఎలా వస్తుందో చూడాలి. 2021-22 ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీని తీసుకోండి. మనోలో మార్క్వెజ్ జట్టుని ఎక్కువగా 4-2-3-1లో ఆడించాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ అనే ఇద్దరు కుర్ర ఫుల్‌బ్యాక్‌లు రెండువైపులా పైకి పరిగెత్తేవాళ్లు. ముందు బర్తొలొమ్యూ ఒగ్బెచే ఒక్కడే. వయసు 37. పరుగులో కుర్రాళ్లని దాటలేడు, దాటాల్సిన అవసరం కూడా రాలేదు. జట్టు మొత్తం బంతిని బాక్స్‌లోకి తెచ్చేది, ఆయన సరైన చోట నిలబడేవాడు. 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. "ముసలోడు, వద్దు" అన్నవాళ్లు ఆటగాడి వయసు చూశారు. తీసుకున్నవాళ్లు జట్టు ఆట చూశారు.

మరి ఫైనల్లో ఏమైంది? 2022 మార్చి 20న గోవా ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1. హైదరాబాద్ గోల్ 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టాడు. పెనాల్టీ షూటౌట్లో కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపి 3-1తో గెలిపించాడు. సీజన్ మొత్తం మోసిన ఒగ్బెచే పేరు ఆ రాత్రి స్కోర్‌షీట్‌లో లేదు. ఆ రాత్రికి ఒగ్బెచేని కెప్టెన్ చేసినవాడి నిర్ణయం తప్పా? కాదు. నిర్ణయం మంచిదవడం వేరు, ఫలితం మంచిదవడం వేరు. ఫ్యాంటసీ ఆడేవాళ్లకి ఇది ఒంటబట్టడానికే ఒక సీజన్ పడుతుంది.

లెస్టర్ సిటీ 2015-16 కథ కూడా ఇలాంటిదే. అందరూ పెద్ద క్లబ్బుల్లో వెతుకుతుంటే, రానియేరి జట్టు బంతిని ప్రత్యర్థికే వదిలేసి, లాక్కున్న మరుక్షణం ముందుకి దూసుకెళ్లే కౌంటర్ ఎటాక్ ఆడింది. రియాద్ మహ్రెజ్ సీజన్ మొదట్లో 5.5 మిలియన్లకే దొరికాడు. చివరికి 240 పాయింట్లు తెచ్చాడు. మిలియన్‌కి దాదాపు 44 పాయింట్లు. 11.5 మిలియన్ల హాలండ్ రికార్డు సీజన్లో కూడా మిలియన్‌కి 24 దాటలేదు. గొప్పవాణ్ని కొనడం అందరికీ తెలుసు. చవకలో దొరికే మంచివాడు మిగిల్చే డబ్బే మిగతా జట్టుని నిలబెడుతుంది.

కాబట్టి మ్యాచ్ చూసేటప్పుడు నాలుగు విషయాలు గమనించండి. పెనాల్టీలు, కార్నర్లు ఎవరు తీస్తున్నారు? ఫుల్‌బ్యాక్‌లలో ఎవరు పైకెళ్తున్నారు, ఎవరు వెనక ఉంటున్నారు? ప్రత్యర్థి డిఫెన్స్ లైన్ పైన నిలబడుతోందా? అలా అయితే వాళ్ల వెనక ఖాళీలోకి పరిగెత్తగల వేగమైనవాడికి ఆ వారం పండగే. ప్రత్యర్థి మొత్తం బాక్స్ ముందే కూర్చుంటే వేగం పనిచెయ్యదు, కార్నర్లలో తలతో కొట్టే పొడుగు డిఫెండర్లకి గిరాకీ. ఆర్సెనల్‌లో సాకా, రైస్ వేసే కార్నర్లకి గాబ్రియెల్ లేవడం మీరు చూసే ఉంటారు.

ఒక లెక్క చేసి చూద్దాం

ముగ్గురు ఊహాజనిత ఆటగాళ్లు, ముగ్గురూ 60 నిమిషాలు దాటి ఆడతారనుకుందాం. బోనస్, కార్డులు పక్కన పెడదాం.

ఫార్వర్డ్: ఎక్స్‌జీ 0.5, అసిస్ట్ అంచనా 0.1. పాయింట్లు: 2 + (0.5 × 4) + (0.1 × 3) = 4.3.

మిడ్‌ఫీల్డర్: ఎక్స్‌జీ 0.45, అసిస్ట్ 0.2, క్లీన్ షీట్ 35 శాతం. పాయింట్లు: 2 + 2.25 + 0.6 + 0.35 = 5.2.

డిఫెండర్: ఎక్స్‌జీ 0.05, అసిస్ట్ 0.1, క్లీన్ షీట్ 40 శాతం, డిఫెన్స్ పనికొచ్చే 2 పాయింట్లు దక్కే అవకాశం 40 శాతం. రెండేసి గోల్స్ ఇచ్చినప్పుడల్లా ఒక పాయింట్ పోతుంది, దాని సగటు 0.25. పాయింట్లు: 2 + 0.3 + 0.3 + 1.6 + 0.8 - 0.25 = 4.75.

గోల్స్ అందరికన్నా ఎక్కువ కొట్టే ఫార్వర్డ్ మూడో స్థానంలో ఉన్నాడు చూశారా! మిడ్‌ఫీల్డర్‌కీ డిఫెండర్‌కీ తేడా 0.45. ఒక్క వారంలో ఆ తేడా కంటికి ఆనదు, పాచికల్లో కొట్టుకుపోతుంది. అదే 38 వారాలు కలిపితే 17 పాయింట్లు. మన హాస్టల్ లీగ్‌లో ఒకటో స్థానానికీ నాలుగో స్థానానికీ మధ్య తేడా అంతే ఉంటుంది.

4 పాయింట్ల కోతతో అదనపు మార్పు చెయ్యాలా వద్దా అనేదీ ఇదే లెక్క. కొత్తగా వచ్చేవాడు వచ్చే మూడు నాలుగు వారాల్లో పాతవాడికన్నా 4కి మించి ఎక్కువ తెస్తాడనుకుంటేనే చెయ్యండి. కోపంతో చేసే మార్పులు ఈ లెక్కలో ఎప్పుడూ నిలబడవు.

నిమిషాలు, డెడ్‌లైన్

పై లెక్కంతా "60 నిమిషాలు ఆడితే" అన్న ఒక్క మాట మీద నిలబడింది. గార్డియోలా ఎవర్ని కూర్చోబెడతాడో సొంత ఆటగాళ్లకే తెలీదంటారు. మధ్యవారంలో యూరప్ మ్యాచ్‌లుంటే రొటేషన్ ఎక్కువ. రోజూ 90 నిమిషాలు ఆడే మామూలు ఆటగాడు, వారం విడిచి వారం మెరిసే స్టార్ కన్నా చాలాసార్లు మేలు.

డెడ్‌లైన్ మొదటి మ్యాచ్‌కి 90 నిమిషాల ముందు. ఇంగ్లండ్‌లో శనివారం పన్నెండున్నరకి మ్యాచ్ అంటే మనకి వేసవి సమయంలో సాయంత్రం 5, కాబట్టి డెడ్‌లైన్ మధ్యాహ్నం 3:30. అక్టోబర్ చివర వాళ్లు గడియారాలు మార్చుకోగానే మనకి అంతా ఒక గంట ఆలస్యమవుతుంది. శుక్రవారం రాత్రి మ్యాచ్ ఉంటే డెడ్‌లైన్ కూడా ఆ రాత్రే. అలారం పెట్టుకోండి.

కెప్టెన్: అన్ని గుంటల్లో పిల్ల ఒకేసారి వదలకూడదు

మా వైపు తెలివైన రైతు అన్ని గుంటల్లో ఒకే రోజు, ఒకే హేచరీ పిల్ల వదలడు. వైట్ స్పాట్ వస్తే గుంట గుంటంతా పోతుందని తెలుసు. ఫ్యాంటసీ జట్టులో కూడా ఒకే క్లబ్ డిఫెండర్లు ముగ్గుర్ని తీసుకుంటే, 20వ నిమిషంలో పడిన ఒక్క గోల్‌తో ముగ్గురి క్లీన్ షీట్లూ పోతాయి. వాళ్ల పాయింట్లు ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి. దీన్నే మనం కోరిలేషన్ అని చదివాం.

కెప్టెన్ విషయంలో ఇంకో మెలిక ఉంది. మీ లీగ్‌లో అందరూ హాలండ్‌నే కెప్టెన్ చేశారనుకోండి. వాడు మూడు కొట్టినా మీకు కలిసొచ్చేదేం లేదు, అందరికీ అంతే. మీరొక్కరే చెయ్యకపోతే అది పందెం. కాబట్టి ముందున్నవాళ్లు అందరి బాటలో నడవడం మంచిది. వెనకబడ్డవాళ్లు, సీజన్ చివర్లో, సగటు అంచనా దాదాపు సమానంగా ఉన్న ఇంకొకణ్ని ఎంచుకోవచ్చు. దాదాపు సమానంగా, అది ముఖ్యం. వేరుగా ఉండాలని చెత్త ఆటగాణ్ని కెప్టెన్ చేస్తే అది ధైర్యం అనిపించుకోదు.

డబ్బు మాటొస్తే

ఇంత లెక్క తెలిస్తే డబ్బు సంపాదించొచ్చు కదా అని ప్రతి బ్యాచ్‌లో ఒకడు అడుగుతాడు. నన్ను మొదట అడిగింది మా వైపు అబ్బాయే. పేరు వద్దు, యాప్ పేరూ వద్దు. మన రాష్ట్రంలో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు 2020 నుంచే నిషేధం, కానీ వాడు చెన్నైలో పనిచేసేవాడు, అక్కడ యాప్ తెరుచుకునేది. క్రికెట్ టీములు పెట్టేవాడు. మేతకని ఇంట్లో దాచిన డబ్బు రెండు పంటలది పోయింది. అప్పుడు నా దగ్గరికొచ్చి, "ఏంది అబ్బయ్యా, ఇంజినీరింగ్ చదవతా ఉండావు గదా, నువ్వు టీము చెయ్యి, పోయింది లాగేద్దాం" అన్నాడు.

నేను టీమ్ చెయ్యలేదు, కాగితం తీసుకుని లెక్క చేసి చూపించాను. వంద మంది తలా 50 వేస్తే 5000. కంపెనీ అందులో 15 శాతం ఉంచుకుందనుకో, పంచేది 4250. అంటే 50 పెట్టిన సగటు మనిషికి తిరిగొచ్చేది 42.50. నష్టం లేకుండా బయటపడాలంటేనే నువ్వు సగటు కన్నా దాదాపు 18 శాతం మెరుగ్గా ఉండాలి. దాని మీద అప్పట్లో డిపాజిట్‌కి 28 శాతం జీఎస్టీ (2023 అక్టోబర్ 1న మొదలైంది), నికరంగా గెలిచినదాని మీద 30 శాతం పన్ను ఉండేవి. అవతల వాళ్లు వందల టీములు సాఫ్ట్‌వేర్‌తో దించేవాళ్లు. వాడు కాగితం చాలాసేపు చూసి, "మరి మా నాయనకి ఏం చెప్పేది?" అన్నాడు. ఆ ప్రశ్నకి పాయిజాన్ దగ్గర జవాబు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. చెప్పాడు. వాళ్ల నాన్న ఒక పంట గుంట ఎండగట్టి, మేత షాపులో అప్పు తీర్చుకునేదాకా ఆగాడు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టే ఆటలు దేశమంతటా ఆగిపోయాయి, పెద్ద పెద్ద ఫ్యాంటసీ యాప్‌లు కూడా పెయిడ్ కాంటెస్టులు మూసేశాయి. అయినా టెలిగ్రామ్ లింకులు, విదేశీ సైట్లు ఏదో దారిలో వస్తూనే ఉన్నాయి. ఎవరైనా పంపితే పై లెక్క ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఎఫ్‌పీఎల్‌లో ఓడితే పోయేది పరువు, అది సోమవారానికల్లా తిరిగొస్తుంది.

మా మామయ్య గుంట మీద పెట్టేది కూడా పందెమే కదా అని మీరనొచ్చు. తేడా ఉంది. అక్కడ నీళ్లు మార్చొచ్చు, ఏరియేటర్ తిప్పొచ్చు, మేత తగ్గించొచ్చు. మన కష్టానికి ఫలితం కొంతైనా వంగుతుంది. హాలండ్ కాలికి మన మాట వినపడదు.

శుక్రవారం చెయ్యాల్సిన పని, పది నిమిషాల్లో

ఒకటి, మీ 15 మందిలో గాయాలు, సస్పెన్షన్లు చూడండి. రెండు, గత ఆరు మ్యాచ్‌ల గోల్స్ పక్కన ఎక్స్‌జీ, షాట్ల సంఖ్య, ఆడిన నిమిషాలు రాసుకోండి. మూడు, ప్రత్యర్థి ఎలా ఆడుతుందో, మ్యాచ్ ఎవరి మైదానంలోనో చూడండి. నాలుగు, జాబితాలో ఉన్న స్థానానికీ నిజంగా ఆడే స్థానానికీ తేడా ఉన్నవాడు ఎవడైనా దొరికాడా? ఐదు, ఇద్దరు ముగ్గురికి పైన చేసినట్టు పాయింట్ల అంచనా వేసి, అందులో పై వాణ్ని కెప్టెన్ చేయండి. ఆ తర్వాత ఫోన్ పక్కన పెట్టి పడుకోండి.

వాడు ఆ వారం 2 పాయింట్లే తెస్తే తిట్టుకోకండి. లెక్క కాగితం తీసి మళ్లీ చూడండి. లెక్క సరిగ్గానే ఉంటే వచ్చే వారం కూడా వాడే కెప్టెన్.